చేతులతో వెతకడం: మట్టిబొమ్మ చేస్తూ స్త్రీ ఆధ్యాత్మికతను చేరుకునే నెల రోజుల సాధన

స్త్రీ ఆధ్యాత్మికత అనే మాట ఈమధ్య బాగా అరిగిపోయింది. గులాబీ రంగు, నెలవంక, పూలకిరీటం పెట్టుకున్న దేవత, మెత్తమెత్తని మాటలు. ఇంతేనేమో అనిపించేలా దాన్ని అమ్ముతున్నారు. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. పుట్టించడం, పోషించడం, కోపగించడం, వాడిపోవడం, మళ్ళీ చిగురించడం అనే చక్రాన్ని మన ఒంట్లోనూ కాలి కింది నేలలోనూ గుర్తుపట్టి, దాని ముందు తల వంచడం. ఇది ఆడవాళ్ళ సొత్తు మాత్రమే అనలేం. పిల్లల్ని కన్నవాళ్ళకే చెందుతుందని అసలే అనలేం.

ఈ గుర్తింపు ఆలోచనకన్నా ముందు చేతికి అందుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో ధ్యానం గురించి తక్కువ, మట్టి గురించి ఎక్కువ ఉంటుంది. మొదటినుంచి చివరిదాకా పాటించాల్సిన నియమం ఒక్కటే: ముందు చెయ్యి, తర్వాతే అర్థం. "కరుణామూర్తిని చేస్తాను" అని ముందే తీర్మానించుకుని కూర్చుంటే, ఇదివరకు ఎక్కడో చూసిన బొమ్మనే చెయ్యి నకలు తీస్తుంది.

అరచేతిలో ఇమిడే బొమ్మే ఎందుకు

1908 ఆగస్టు 7న ఆస్ట్రియాలోని విల్లెన్‌డార్ఫ్ దగ్గర తవ్వకాల్లో ఒక సున్నపురాయి స్త్రీమూర్తి బయటపడింది. ఎత్తు 11.1 సెంటీమీటర్లు, వయసు సుమారు 30,000 ఏళ్ళు. ముఖం లేదు, పాదాలు లేవు, తనంతట తాను నిలబడదు. ఒంటిమీద ఎర్రమట్టి రంగు ఆనవాళ్ళున్నాయి. దీన్ని పిలిచే విల్లెన్‌డార్ఫ్ వీనస్ అన్న పేరు ఈ కాలంవాళ్ళు పెట్టింది. చేసినవాళ్ళు దాన్ని ఏమని పిలుచుకున్నారో, దేనికి వాడారో చెప్పే రాత ఏదీ మిగల్లేదు. కాబట్టి "ఇదే ఆదిమ మాతృదేవత" అని ఖాయంగా చెప్పేవాళ్ళ మాటను కాస్త ఆచితూచి తీసుకోవాలి.

1996లో లెరాయ్ మెక్‌డెర్మట్ అనే పరిశోధకుడు ఇలాంటి బొమ్మల గురించి ఒక ప్రతిపాదన చేశాడు. పెద్ద రొమ్ములు, ముందుకొచ్చిన పొట్ట, కిందికి పోయేకొద్దీ సన్నబడే కాళ్ళు, లేని ముఖం... ఇవన్నీ ఒక స్త్రీ తల వంచి తన ఒంటిని తానే చూసుకున్నప్పుడు కంటికి కనబడే కొలతలని. ఒప్పుకోనివాళ్ళు చాలామందే ఉన్నారు. రుజువు సంగతి వాళ్ళు తేల్చుకుంటారు. సాధనకు మాత్రం ఇది బంగారంలాంటి ఉపాయం. అద్దం వద్దు, ఫొటో వద్దు, పరాయి చూపు వద్దు. మీ మెడ దగ్గర్నుంచి కిందికి చూస్తే ఏం కనిపిస్తుందో అదే చేయండి. ఈ సాధన మొత్తం ఆ చూపు చుట్టూ అల్లినదే.

ముందే తేల్చుకోవాల్సింది: ఏ మట్టి

ఇక్కడ పొరపాటు పడితే ఆదిలోనే హంసపాదు. దారులు మూడున్నాయి, మధ్యలో ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం కుదరదు.

మొదటిది, కుండలు చేసే సహజమైన మట్టితో చేసి కాల్చకుండా ఉంచడం. మొదటిసారి చేసేవాళ్ళకు మా సలహా ఇదే. బొమ్మ పెళుసుగా ఉంటుంది, తడి తగిలితే కరిగిపోతుంది. కానీ ఆ కరగడమే తర్వాత పనికొస్తుంది.

రెండోది, అదే మట్టిని కాల్చడం. దీనికి 500 గ్రాముల మట్టిలో 50 గ్రాముల సన్నని ఇసుక గానీ కాల్చిన మట్టి పొడి గానీ కలపాలి. లోపలి తేమ బయటికి రావడానికి అది దారి ఇస్తుంది. సముద్రపు ఇసుక వాడకండి. అందులోని గవ్వల ముక్కలు కాలి సున్నమవుతాయి, ఆ సున్నం తర్వాత గాలిలోని తేమ పీల్చి ఉబ్బి బొమ్మ మీద పెచ్చులు లేపుతుంది.

మూడోది, కాల్చే పనిలేకుండా గాలికే గట్టిపడే దుకాణం మట్టి. సౌకర్యంగానే ఉంటుంది. రెండు లోపాలు: గులకరాయితో రుద్దినా సహజమైన మట్టిలా మెరుపు రాదు, ఒకసారి గట్టిపడితే నమ్మకంగా వెనక్కి కరగదు.

మిగతా సామాను: 500 గ్రాముల మట్టి (బొమ్మకు 300 పడుతుంది, మిగిలింది అతుకులకూ మరమ్మతులకూ), ఒక చెక్కపలక, తడి నూలుగుడ్డ, ప్లాస్టిక్ సంచి, మట్టి కోయడానికి గట్టి దారం, పాత టూత్‌బ్రష్, చిన్న చెంచా, గోటి అంత నున్నగా ఉన్న గులకరాయి. రోజుకొకటిగా వేసే రంగుల వలయాల కోసం 15 సెంటీమీటర్ల చదరపు కాగితాలు 29. ఇవి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) వాటర్‌కలర్ కాగితమే కావాలి. 200 లోపుదైతే తడికి ఉబ్బి అలలు తేలుతుంది. నీలం, పసుపు, ఎరుపు రంగులు, ఒక కుంచె, ఒక నోటుబుక్కు. ఇంతకుమించి కొనకండి. సామాను కొనడమే సాధన అయిపోయే ప్రమాదం ఈ దారిలో చాలా ఎక్కువ.

కాగితాలు 29 ఎందుకంటే చంద్రుడి ఒక చక్రం దాదాపు 29.5 రోజులు. అమావాస్య నాడే మొదలుపెట్టాలన్న నియమం లేదు. మీరు మొదలుపెట్టిన రోజున చంద్రుడు ఏ దశలో ఉన్నాడో కాగితం వెనకాల రాసుకుంటే చాలు.

1 నుంచి 3వ రోజు: తాకుతూ గీయడం

రోజుకు పది నిమిషాలు. రాయని చేత్తో మీ దవడ, మెడ ఎముక, భుజం, పొట్ట, తొడ నెమ్మదిగా తడుముతూ వెళ్ళండి. రాసే చేయి అదే వేగంతో పెద్ద కాగితం మీద గీత గీస్తూ పోవాలి. కాగితం వైపు చూడకూడదు, పెన్సిల్ ఎత్తకూడదు. మూడు రోజులకు పది పన్నెండు గీతలు చాలు.

చాలామందికి ఇక్కడ గీత మరీ చక్కగా వస్తుంది. అంటే చెయ్యి తాకినదాన్ని వదిలి తెలిసినదాన్ని గీస్తోందని అర్థం. వేగం సగానికి తగ్గించండి. భుజం నుంచి మోచేతికి చేరడానికి ఒక నిమిషం పట్టాలి. గీత వంకరటింకరగా, పోల్చుకోలేనట్టు వస్తే సరైన దారిలోనే ఉన్నారు.

4వ రోజు: మట్టి ముద్ద

మట్టిని చెక్కమీద అరచేతి మడమతో యాభై అరవైసార్లు ఒత్తి మడిచి పిసకండి. దారంతో మధ్యకు కోసి చూస్తే లోపల బుడగల గుంటలు కనబడకూడదు. బుడగల వల్ల బొమ్మ మంటలో పేలిపోతుందని అంటుంటారు. నిజానికి పేల్చేది లోపల మిగిలిన తేమ. బుడగలు చేసే చెడు ఏమిటంటే ఆ చోట గోడను బలహీనపరచడం.

300 గ్రాములు తీసి ఉండ చేయండి. దాదాపు ఆరున్నర సెంటీమీటర్ల అడ్డుకొలత వస్తుంది. రెండు చేతుల్లో పట్టుకుని పొట్టకు ఆనించి, మట్టి చల్లదనం పోయేదాకా కూర్చోండి. ఐదారు నిమిషాలు పడుతుంది. మంత్రం ఏదైనా చదవాలా అంటే, మీకు అలవాటైనది ఉంటే చదవండి, లేకపోతే ఊపిరి లెక్కపెట్టండి. మట్టి వెచ్చబడటమే ఇక్కడ గుర్తు.

ఆపైన కళ్ళు మూసుకుని ఇరవై నిమిషాలు. తలకోసం వేరే ఉండ, కాళ్ళకోసం వేరే కడ్డీలు చేసి అతికించకండి. ఉన్న ముద్దలోంచే లాగండి: పైనుంచి కాస్త గిల్లి తల, కింద రెండుగా ఒత్తి తొడలు, మధ్యలో బొటనవేళ్ళతో నొక్కి నడుము. అతుకు తక్కువైతే పగులూ తక్కువ. చేతులు ఒంటికి ఆనుకునే ఉండాలి. విడిగా చాచినవి ముందే ఆరి విరుగుతాయి. ముఖం చేయొద్దు, పాదాలు చేయొద్దు. ముఖం పెట్టగానే బొమ్మ "ఎవరో" అయిపోతుంది, ఆ వెంటనే అందంగా ఉందా లేదా అన్న తగువు మొదలవుతుంది.

ఇరవై నిమిషాల తర్వాత కళ్ళు తెరిచి, తల వంచి మీ ఒంటిని చూసుకోండి. ఆ చూపుతో బొమ్మలో మూడే మూడు మార్పులు చేయండి. నాలుగోది చేయాలనిపిస్తుంది, వద్దు. నాలుగో మార్పు నుంచి చేతుల్లోకి సిగ్గు దిగుతుంది: పొట్ట తగ్గించడం, నడుము సన్నం చేయడం. బొమ్మను తడిగుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఆ రోజుకు వదిలేయండి.

5, 6 రోజులు: లోపల ఖాళీ చేయడం

గుడ్డ తీసి పలక మీద కొన్ని గంటలు ఉంచితే మట్టి సగం ఆరిన దశకు వస్తుంది. గోటితో నొక్కితే గీత పడాలి, వంచితే వంగకూడదు, ముట్టుకుంటే ఇంకా చల్లగానే ఉండాలి. బొమ్మను గుడ్డ మడత మీద తలకిందులుగా పెట్టి, కిందినుంచి చెంచాతో లోపలి మట్టి తవ్వండి. గోడ మందం అన్నివైపులా ఒక సెంటీమీటరు మిగలాలి. అడుగున నాలుగు మిల్లీమీటర్ల రంధ్రం ఉంచి మిగతాది మూసేయవచ్చు, తెరిచే ఉంచినా ఫరవాలేదు. కాల్చేవాళ్ళకు ఇది తప్పనిసరి. కాల్చనివాళ్ళకు కూడా మంచిదే, ఎందుకంటే మందంగా ఉన్న నడిభాగం సన్నని మెడకన్నా ఆలస్యంగా ఆరి, ఆ తేడాకే మెడ చీలుతుంది.

ఏదైనా అతికించాల్సి వస్తే రెండు వైపులా టూత్‌బ్రష్‌తో గరుకు చేసి, అదే మట్టిని నీళ్ళతో చిక్కటి గంజిలా కలిపి పూసి ఒత్తాలి. ఒట్టి నీళ్ళతో అతికిస్తే ఆరాక ఊడి చేతికొస్తుంది.

తవ్వి తీసిన మట్టిని పారేయకండి. చిన్న ఉండగా చేసి, కావాలంటే బొమ్మ పొట్టలో వదులుగా పెట్టి మూయండి. పూర్తిగా ఆరాక ఊపితే లోపల అది దొర్లుతున్న చప్పుడు వినబడుతుంది. బొమ్మను కాల్చేటట్టయితే ఈ ఉండను ముందే విడిగా పూర్తిగా ఆరబెట్టి, అంటుకోకుండా పల్చటి కాగితంలో చుట్టి పెట్టాలి. కాగితం మంటలో కాలిపోతుంది. రంధ్రం మాత్రం తెరిచే ఉండాలి.

7, 8 రోజులు: గులకరాయితో రుద్దడం

సాధన మొత్తంలో అసలైన ఘట్టం ఇదే. బొమ్మ చేయడం అరగంట పని, దీనికి రెండు మూడు గంటలు పడుతుంది.

మట్టి సగం ఆరిన దశ దాటి, పూర్తిగా ఆరకముందు ఉండే ఆ కొద్ది గంటల్లోనే మెరుపు ఎక్కుతుంది. గులకరాయిని చిన్న చిన్న వలయాలుగా, తేలిగ్గా తిప్పండి. రాయికి మట్టి అంటుకుంటే ఇంకా తడి ఉందని, పొడి రాలితే ఆలస్యమైందని అర్థం. ఆలస్యమైతే వేలిని తడిపి ఆ చోట మాత్రం రాసి పది నిమిషాలు ఆగండి. ఆరిన మట్టిని గరుకు కాగితంతో పొడిగా రుద్దడం మాత్రం వద్దు. లేచే ధూళిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు. తడి స్పాంజితో తుడవండి.

రుద్దుతున్నంతసేపూ మీకు తెలిసిన స్త్రీలను ఒక్కొక్కరినే తలుచుకుంటూ వెళ్ళండి: తల్లి, తల్లి తల్లి, ఆమె తల్లి, నేర్పినవాళ్ళు, పోట్లాడినవాళ్ళు. ఒక్కొక్కరికి అరచేయంత చోటు. పేరు తెలియని తరం వచ్చేసరికి పేరు కల్పించుకోకండి, మౌనంగా రుద్దండి. కోపం వచ్చే మనిషి తగిలితే దాటేయకండి. మరీ ఇబ్బందైతే రాయి కింద పెట్టి లేవండి. ఇక్కడ ఏడుపు వచ్చేవాళ్ళు ఎక్కువ. అది సాధన ఫలించిన గుర్తూ కాదు, చెడిన గుర్తూ కాదు, గంటలకొద్దీ ఒకే పని చేస్తున్న చేతులకు మనసు దారి ఇవ్వడం.

ఒక హెచ్చరిక. శరీరానికి సంబంధించిన హింసను అనుభవించినవాళ్ళు ఒళ్ళు తడిమే భాగాన్నీ కళ్ళు మూసుకుని బొమ్మ చేసే భాగాన్నీ ఒంటరిగా చేయొద్దు. కళ్ళు తెరిచి, చేతులను మాత్రమే గీస్తూ, అరచేతి ఆకారపు గిన్నె చేసినా మిగతా మెట్లన్నీ అలాగే పనికొస్తాయి. వణుకు, ఊపిరాడనట్టు ఉండటం, చుట్టూ ఉన్నది దూరమైపోయినట్టు అనిపించడం జరిగితే పని ఆపి చల్లటి నీళ్ళతో చేతులు కడుక్కోండి. అది మళ్ళీ మళ్ళీ వస్తే కౌన్సెలర్‌ను కలవండి. మట్టి ఎక్కడికీ పోదు.

9వ రోజు నుంచి: ఆరబెట్టడం

మొదటి మూడు రోజులు వదులుగా కప్పిన ప్లాస్టిక్ సంచిలో, తర్వాత రెండు రోజులు నూలుగుడ్డ కింద, ఆపైన వారం రోజులు నీడలో జాలీ మీద. రోజూ ఒకసారి పక్కకు తిప్పండి. ఎండ, ఫ్యాను, హీటరు మూడూ వద్దు. బుగ్గకు ఆనిస్తే చల్లగా తగిలిందా, ఇంకా తడి ఉన్నట్టే. 11 సెంటీమీటర్ల బొమ్మ ఆరేసరికి అర సెంటీమీటరుకు పైగా కుంచించుకోవచ్చు. కంగారు పడకండి.

పగుళ్ళు వస్తాయి. మెడ దగ్గర వస్తే తొందరగా ఆరిందని. అడుగున వస్తే పలకకు అంటుకుని కుంచించుకోలేకపోయిందని, ఈసారి కింద కాగితం వేయండి. వెంట్రుకవాసి చీలికలు ఒళ్ళంతా వస్తే చేసేటప్పుడు నీళ్ళు ఎక్కువ వాడారని. సన్నని పగులుకు వెనిగర్‌తో కలిపిన మట్టిగంజి నింపి మళ్ళీ గుడ్డ కప్పండి. పెద్ద పగులును పూడ్చినా తిరిగి నోరు తెరుస్తుంది. దాన్ని అలాగే ఉంచడమే మేలు.

పగుళ్ళు కొత్తేమీ కాదు. చెక్ దేశంలోని దోల్ని వెస్తోనిత్సెలో 1925లో దొరికిన స్త్రీమూర్తి కూడా 11 సెంటీమీటర్లదే, కాల్చిన మట్టిది. దొరికినప్పుడే రెండు ముక్కలుగా ఉంది. దాని ఒంటిమీద ఒక పిల్లో పిల్లాడో వేసిన వేలిముద్ర ఇప్పటికీ ఉంది. అక్కడి మట్టిముక్కల్లో మంట వేడికి పగిలినవి బోలెడు.

కాల్చేవాళ్ళకు: ఆవంలో గానీ విద్యుత్ కిల్న్‌లో (కరెంటు బట్టీలో) గానీ మొదట 80, 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆపాలి. 100 దాటితే మిగిలిన తేమ ఆవిరై గోడను బద్దలుకొడుతుంది. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ మలుపు నెమ్మదిగా దాటాలి. చివరకు 950 నుంచి 1,000 డిగ్రీల వేడి చాలు. కానీ రాయితో తెచ్చిన మెరుపు ఆ వేడికి చాలావరకు పోతుంది; మెరుపు నిలవాలంటే ఇంకా తక్కువ వేడిలో కాల్చి, కాస్త బలహీనమైన బొమ్మతో సరిపెట్టుకోవాలి.

29 వలయాలు

ఇది మొదటి రోజు నుంచే పక్కన నడిచే పని. రోజుకో కాగితం, పదిహేను నిమిషాలు. 12 సెంటీమీటర్ల గిన్నె బోర్లించి వలయం గీసి, దాని లోపల ఆ రోజు ఒంట్లో ఎక్కడ బరువుగా ఉందో, ఎక్కడ తేలిగ్గా ఉందో రంగుతో వేయండి. బొమ్మలు, గుర్తులు వద్దు. ఒక రోజు తప్పితే ఆ రోజు కాగితం ఖాళీగానే ఉంచండి. మర్నాడు రెండు వేసి లెక్క సరిచేస్తే, చివర చదివేటప్పుడు ఆ ఖాళీ చెప్పేది పోతుంది.

రంగుల భాషను అరువు తెచ్చుకోవాలనిపిస్తే స్వీడన్ చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ (1862–1944) దగ్గర ఒకటుంది: నీలం స్త్రీకి, పసుపు పురుషుడికి, రెండూ కలిసిన ఆకుపచ్చ ఐక్యతకు. ఆమె 1906 నుంచి 1915 వరకు ఆలయం కోసమని 193 చిత్రాలు వేసింది. అంతకు పదేళ్ళ ముందునుంచి నలుగురు స్నేహితురాళ్ళతో కలిసి క్రమంగా కూర్చుని, ప్రార్థన చేసి, చేతిని దానంతట అది గీయనిచ్చేది. కానీ ఆమె నిఘంటువు ఆమెది. నీలం మీకు కోపమైతే కోపమే.

రంగు బురదగా మారుతుంటే కారణం సాధారణంగా ఒకటే: మూడు రంగులూ తడిమీదే కలుస్తున్నాయి. ఒకటి ఆరాక ఇంకొకటి.

రోజూ పని అయ్యాక నోటుబుక్కులో ఐదు వాక్యాలు రాయండి, జరిగింది మాత్రమే: "నడుము దగ్గర మట్టి ముందే ఆరింది. ఎరుపు ఎక్కువ పడింది." ఫలానాదానికి సంకేతం అన్న మాట 29వ రోజు దాకా నిషిద్ధం. ఈ నెలంతా పనిని ఎక్కడా పోస్టు చేయొద్దు కూడా. ఎవరో చూస్తారన్న ఊహ చేతిని ఎంత త్వరగా మార్చేస్తుందో రెండో రోజుకే తెలిసిపోతుంది. నలుగురైదుగురు కలిసి చేస్తే ఇంకా బాగుంటుంది. షరతు ఒకటే, పక్కవాళ్ళ బొమ్మకు ఎవరూ అర్థం చెప్పకూడదు. బాగుంది అనడం కూడా అర్థం చెప్పడమే.

వీలైతే ఒక రోజు ఆరుబయట

క్యూబాలో పుట్టిన కళాకారిణి అనా మెండియేటా (1948–1985) 1970లలో తన ఒంటి ఆకారాన్ని నేలలో, ఇసుకలో, బురదలో, గడ్డిలో ముద్రించి ప్రకృతికి వదిలేసేది. మిగిలింది ఫొటోలూ ఫిల్మూ. నేలమీద పడుకుని, ఎవరితోనైనా చుట్టూ గీత గీయించుకుని, రాలిన ఆకులతోనే నింపండి. గంటలో అయిపోతుంది. తెంపినవి వద్దు. ఒక్క ఫొటో తీసి వెనక్కి చూడకుండా వచ్చేయండి.

29వ రోజు, ఆ తర్వాత

వలయాలను వరుసగా నేలమీద పరిచి, మధ్యలో బొమ్మను పెట్టండి. పది నిమిషాలు చూశాక మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఏ ఆకారం మళ్ళీ మళ్ళీ వచ్చింది? ఎక్కడ చెయ్యి భయపడింది? బొమ్మలో ఏ భాగాన్ని ఇప్పటికీ చూడబుద్ధి కావడం లేదు? మూడోదానికి వచ్చిన జవాబే వచ్చే నెల బొమ్మకు మొదలు. ఆ భాగం ఒక్కటే చేయండి, అరచేతికి నిండుగా.

కాల్చని బొమ్మ మీ దగ్గరుంటే దాన్ని దాచుకోవాలా వద్దా అన్నది ఇప్పుడు తేల్చుకోవాలి. కరిగించేటట్టయితే పూర్తిగా ఆరాకే చేయండి. ఎండిన మట్టిని నీళ్ళలో పెడితే బుడగలు వదులుతూ కాసేపట్లోనే అంచులు జారడం మొదలవుతుంది. తడి మిగిలినదైతే ముద్దగా అలాగే కూర్చుంటుంది. వెడల్పాటి గిన్నెలో బొమ్మ మునిగేదాకా నీళ్ళు పోసి, కలపకుండా చూస్తూ కూర్చోండి. ముందు మెడ, తర్వాత తొడలు, చివరకు పొట్ట. రాత్రంతా ఉంచి, పైన తేరిన నీళ్ళు వంపి, అడుగున ఉన్న మట్టిని గుడ్డమీద పరిచి పిసకడానికి వీలయ్యేదాకా ఆరనివ్వండి. వచ్చే నెలకు మట్టి కొనక్కర్లేదు.